పదకొండేళ్ల పాత కస్టమర్‌గా బేరమాడి తెచ్చుకున్న సెట్‌టాప్ బాక్స్

మా ఇంట్లో శాటిలైట్ టీవీ కనెక్షన్ పెట్టించి పదకొండేళ్లు దాటింది. ఇన్నేళ్లలో సంస్థ మారలేదు, డిష్ మారలేదు. ఏడేళ్ల క్రితం పూర్తి డబ్బు కట్టి కొన్న రికార్డింగ్ బాక్సు ఒక్కటే మధ్యలో వచ్చి చేరింది. ఆ బాక్సు కొంతకాలంగా రికార్డు చేసిన కార్యక్రమాన్ని చూపిస్తూ చూపిస్తూ ఆగిపోవడం, లోపలినుంచి గోటితో రేకును తట్టినట్టు టిక్కుటిక్కుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. హార్డ్ డిస్క్ చివరి రోజుల్లో చేసే చప్పుడది. సరిగ్గా ఆ వారంలోనే ఆ సంస్థ ప్రకటన ఒకటి అదే టీవీలో కనిపించింది. కొత్తగా చేరేవారికి 4కె రికార్డింగ్ బాక్సు ఉచితం, బిగించినందుకు కూడా ఏమీ తీసుకోరు అని దాని సారాంశం. నేను ఫోన్ చేసి అదే బాక్సు అడిగితే పూర్తి ధర చెప్పారు.

కాబట్టి ఈ సమీక్షలో బాక్సు గురించి కొంత, అది నా చేతికి వచ్చిన తీరు గురించి ఎక్కువ ఉంటుంది. ధరలు చోటునుబట్టి, కాలాన్నిబట్టి మారేవి గనుక ఆ బాక్సు పూర్తి ధరను 100 అనుకుని, మిగిలిన మొత్తాలన్నీ ఆ లెక్కలోనే చెబుతాను.

మొదటిసారి ఫోన్ ఎత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సర్, మీ అకౌంటు మీద ఇప్పుడు ఆఫర్లేమీ కనిపించడం లేదండి" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదని తరువాత అర్థమైంది. కస్టమర్ కేర్‌లో ముందుగా మాట్లాడేవారికి కంప్యూటరు తెర మీద ఏది కనిపిస్తే అది చెప్పడమే పని. అంతకుమించి తగ్గించే అధికారం వారికి ఉండదు. వారి మీద విసుక్కుంటే మన గొంతు నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. బాక్సుకు 100, బిగించినందుకు 15, మొత్తం 115 అని చెప్పి అతను తన పని ముగించాడు.

నాలుగు రోజుల తరువాత చేసిన రెండో ఫోన్‌లో "పాత కస్టమర్లకు సగం ధర" అనే ఆఫర్ ఒకటి బయటపడింది. వినగానే సంతోషం కలిగించే మాటే గానీ, ఆ సగం ధర వెనకాల నెలకు 3 చొప్పున బాక్సు అద్దె ఉంది, 24 నెలల ఒప్పందం ఉంది. 50 ముందు కట్టి, 24 నెలలు మూడేసి చొప్పున 72 కడితే 122 అవుతుంది. బిగింపు ఖర్చు దానికి అదనం. పూర్తి ధరకు కొంటే 100తో పోయే బాక్సుకు సగం ధర పేరుతో 122 కట్టి, ఒప్పందం ముగిశాక బాక్సును తిరిగి వారికే అప్పగించాలి. ఈ లెక్కను నేను కాగితం మీద రెండుసార్లు వేసుకున్నాను, ఎందుకంటే మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. ఇలాంటి ఆఫర్లలో ముందు చెల్లించే మొత్తాన్ని పెద్ద అక్షరాలతోను, నెలవారీ మొత్తాన్ని చిన్న అక్షరాలతోను చూపిస్తారు. ఆ రెంటినీ కలిపి ఒప్పందకాలం మొత్తానికి ఎంత అవుతుందో కస్టమరే కూడుకోవాలి.

కొత్తవారికి ఊరికే ఇచ్చేది పాతవారికి ఎందుకు అమ్ముతారన్నది కోపం తెప్పించే విషయమే అయినా, దాని వెనక లెక్క తెలిస్తే బేరం సులువవుతుంది. ఉచిత బాక్సు నిజానికి ఉచితం కాదు. దాని ఖర్చును సంస్థ ముందు తాను భరించి, రాబోయే నెలల ప్యాకేజీ డబ్బుల్లోంచి నెమ్మదిగా రాబట్టుకుంటుంది. పాత కస్టమరు ఎలాగూ కడుతూనే ఉన్నాడు, అతని మీద మళ్లీ పెట్టుబడి ఎందుకనేది వారి ఆలోచన. అయితే ఆ పాత కస్టమరు వెళ్లిపోతే అతని స్థానంలో మరొకరిని తెచ్చుకోవడానికి ప్రకటనలు, బాక్సు, బిగింపు అన్నీ మళ్లీ మొదటినుంచి ఖర్చే. ఇలా వెళ్లిపోవడాన్ని ఈ వ్యాపారంలో చర్న్ అంటారు, దాన్ని ఆపడానికి విడిగా ఒక విభాగమే ఉంటుంది. అంటే పదకొండేళ్ల విశ్వాసానికి వారి పుస్తకాల్లో విలువ లేదని కాదు, ఆ విలువను చూడగలిగే మనిషి వేరే బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. అడగందే అమ్మయినా పెట్టదని మనకు సామెత ఉంది గానీ, ఇక్కడ అడగడంతోపాటు ఎవరిని అడగాలో కూడా తెలియాలి.

మూడో ఫోన్‌కు ముందు ఒక పూట కూర్చుని పాత బిల్లులు తీశాను. తీసినప్పుడు తలవంచుకోవలసిన సంగతి ఒకటి తెలిసింది. రెండో గదిలో టీవీ తీసేసి మూడేళ్లయింది. దానికి పెట్టిన చిన్న బాక్సు అల్మారాలో పాత వైర్ల కింద పడి ఉంది. దానికి నెలకు 2 చొప్పున అద్దె నేను కడుతూనే ఉన్నాను. మూడేళ్లకు 72. దీనికి సంస్థను తప్పుపట్టలేను, ప్రతి బిల్లులోనూ ఆ వరుస స్పష్టంగానే ఉంది, చూడనిది నేను. అయినా బేరానికి కూర్చునే ముందు ఇది కనబడడం మంచిదైంది. ఎక్కువ కాలం ఒకే చోట ఉన్న కస్టమరు బిల్లులో ఇటువంటి చచ్చిపోయిన వరుస ఒకటైనా ఉండే అవకాశం ఎక్కువ.

ఇంకొక సంగతి సాంకేతికమైనది. 2003లో ఖరారైన, వీడియోను కుదించి పంపే ఎంపెగ్-4 ఏవీసీ పద్ధతి, అంతకు ముందున్న ఎంపెగ్-2లో పట్టే డేటాలో సుమారు సగంతోనే అదే నాణ్యత గల బొమ్మను అందిస్తుంది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ దాన్ని మళ్లీ దాదాపు సగానికి తెచ్చింది. ఉపగ్రహం మీద చోటు చాలా ఖరీదైనది కాబట్టి ఏ సంస్థ అయినా చానళ్లను కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలనే చూస్తుంది. ఇళ్లలో పాత బాక్సులు ఉన్నంతకాలం వాటి కోసం పాత పద్ధతిలో ప్రసారం కొనసాగించక తప్పదు. నా ఏడేళ్ల బాక్సు హెచ్‌ఈవీసీని చదవలేదు. కాబట్టి దాన్ని మార్చుకోవడం నాకెంత అవసరమో వారికీ అంత అవసరమే. ఈ మాటను వినయంగానే, కానీ తప్పకుండా అనాలని రాసిపెట్టుకున్నాను.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు మెనూలో బిల్లులు, ఫిర్యాదులు వదిలేసి కనెక్షన్ రద్దుకు సంబంధించిన అంకె నొక్కాను. మాట్లాడిన ఆవిడ కారణం అడిగారు. "రద్దు చేయమని చెప్పడానికి కాదమ్మా, చేయాలో వద్దో తేల్చుకోవడానికి ఫోన్ చేశాను" అన్నాను. ఇది ఎత్తుగడ కాదు, ఉన్నమాటే. నెలాఖరులోగా తేలకపోతే వేరే సంస్థకు మారాలని ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. వెళ్లే ఉద్దేశం లేకుండా వెళ్తానని బెదిరించేవారికి ఒక ఇబ్బంది ఉంది, అవతలివారు "సరేనండి, ఈ రోజుతోనే రద్దు చేసేస్తున్నాను" అంటే నీళ్లు నమలవలసి వస్తుంది.

పదకొండేళ్లలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం కాలేదన్నది, అల్మారాలోని బాక్సు సంగతి, 122 లెక్క, హెచ్‌ఈవీసీ సంగతి ఒకదాని తరువాత ఒకటి చెప్పాను. ఆవిడ నన్ను లైన్లో ఉండమని చెప్పి రెండు నిమిషాలు మౌనంగా ఉండిపోయారు. ఆ రెండు నిమిషాల్లో నోరు తెరిచి "పోనీ సగమైనా తగ్గించండి" అనేయాలని ఎంత ఉబలాటం కలుగుతుందో అనుభవించినవారికే తెలుస్తుంది. నేను ఆగాను. ఆవిడ తిరిగి వచ్చి చెప్పింది ఇదీ: బాక్సుకు ముందు ఏమీ కట్టనక్కర్లేదు, బిగింపు ఉచితం, మొదటి 12 నెలలు అద్దె లేదు, తరువాతి 12 నెలలు నెలకు 3. మొత్తం 36. అల్మారాలోని బాక్సు తిరిగి ఇచ్చేస్తే దాని అద్దె ఆపేసి, గడిచిన ఆరు నెలల అద్దెను జమ చేస్తామన్నారు.

అద్దె బాక్సు కావడం వల్ల ఒక మేలు కూడా ఉంది. కొన్న బాక్సులో హార్డ్ డిస్క్ పోతే ఆ నష్టం మనదే, అద్దె బాక్సులో పోతే మార్చి ఇవ్వవలసింది సంస్థే. హార్డ్ డిస్క్ అనేది తిరిగే పళ్లేలున్న యంత్రం, ఎప్పటికైనా పోయేదే. అందుకని సొంతానికి కొనుక్కోవడమే గౌరవం అనుకునే నా పాత అభిప్రాయాన్ని ఈ ఒక్క విషయంలో మార్చుకున్నాను.

ఆ రోజు సాయంత్రం వచ్చిన ఈమెయిల్‌లో మాత్రం ఫోన్‌లో వినపడని వాక్యం ఒకటి ఉంది. ఒప్పందకాలంలో ఏ కొత్త పరికరం తీసుకున్నా 24 నెలలు మళ్లీ మొదటినుంచి లెక్కిస్తారట. చెడిపోయిన బాక్సును మార్చి ఇచ్చినా అది కొత్త పరికరమేనా అని నేను తిరుగు జాబు రాశాను. కాదని రాతపూర్వకంగా సమాధానం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, మధ్యలో రెండుసార్లు గుర్తుచేయవలసి వచ్చింది. ఈ సేవలో నాకు నిజంగా నచ్చనిది ఇదే. ఆఫర్ చెప్పడానికి రెండు నిమిషాలు చాలిన సంస్థకు, దాని షరతు ఒకటి వివరించడానికి తొమ్మిది రోజులు కావలసిన పని లేదు.

బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ పని తెలిసిన మనిషి. పైకెక్కి డిష్ దగ్గర కేబులు కనెక్టర్ విప్పి నాకు చూపించాడు; వాన నీరు దిగి లోపలి రాగి తీగ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. మామూలు చానళ్లలో బొమ్మ ముక్కలు ముక్కలుగా విడిపోవడానికి కారణం ఇదేనని, బాక్సు కాదని చెప్పి, కేబులు చివర రెండంగుళాలు కత్తిరించి కొత్త కనెక్టర్ వేశాడు. అంటే నేను ఇన్నాళ్లూ బాక్సు మీద మోపిన నేరాల్లో సగం కనెక్టర్‌వి. రికార్డింగులు ఆగిపోవడం మాత్రం డిస్క్ పనే. కొత్త బాక్సు కోసం ఎవరైనా బేరం మొదలుపెట్టే ముందు ఈ చిన్న తనిఖీ చేయించుకుంటే మంచిది. బాక్సు అవసరమే లేదని తేలినా తేలవచ్చు.

డిష్ ముందు కడ్డీ చివర ఉండి ఉపగ్రహ సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ కూడా మార్చాడు. యూనివర్సల్ అనే మామూలు ఎల్‌ఎన్‌బీ, 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ వరకు వచ్చే సంకేతాన్ని 950–2150 మెగాహెర్ట్జ్‌కు దించి కేబులులోకి పంపుతుంది. కానీ ఒక్కో కేబులు మీద ఒక్కో సమయంలో మొత్తం సంకేతంలో నాలుగో వంతే దిగుతుంది. ఏ నాలుగో వంతు కావాలో బాక్సు 13 లేదా 18 వోల్టులతోను, 22 కిలోహెర్ట్జ్ టోన్‌తోను చెబుతుంది. పాత బాక్సు ఒక చానల్ రికార్డు చేస్తుంటే మరికొన్ని చానళ్లు తెరుచుకోకపోవడానికి కారణం ఇన్నాళ్లకు తెలిసింది. కొత్తది ఒకే కేబులు మీద ప్రతి ట్యూనర్‌కూ (బాక్సులో ఒక్కో చానల్‌ను పట్టుకునే భాగానికి) విడిగా చోటు కేటాయించే రకం కాబట్టి, గోడకు ఇంకో రంధ్రం వేయకుండానే నాలుగు రికార్డింగులు ఒకేసారి నడుస్తున్నాయి. ఫోన్‌లో బాక్సు గురించే మాట్లాడి ఎల్‌ఎన్‌బీ గురించి అడగడం మరిచిపోతే, బిగించే రోజున దానికి విడిగా డబ్బు అడగవచ్చు. నేను ముందే ఈమెయిల్‌లో రాయించుకున్నాను.

ఇక బాక్సు. 1 టెరాబైట్ డిస్క్ ఉంది. హెచ్‌డీ చానల్ సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వస్తే గంట రికార్డింగుకు 3.6 గిగాబైట్లు పడతాయి. బాక్సు తన అవసరాలకు ఉంచుకునేది పోగా 250 గంటలకు తక్కువ కాకుండా నిలవ ఉంటుంది. మెనూ చురుగ్గా కదులుతుంది. పాత బాక్సు ఆన్‌లో 24 వాట్లు, ఆఫ్ చేశాననుకున్నప్పుడు కూడా 22 వాట్లు తాగేదని మీటరు పెట్టి చూశాక తెలిసింది. ఏడాదికి సుమారు 200 యూనిట్లు. కొత్తది నిద్రపోయినప్పుడు 1 వాటు లోపే. రిమోట్ మాత్రం బాగాలేదు. మీటలు మరీ చిన్నవి, చీకట్లో వెలగవు, ఆపే మీట పక్కనే తుడిచివేసే మీట పెట్టిన మహానుభావుడెవరో గానీ మా ఇంట్లో రోజుకొకసారి తలుచుకుంటున్నాం.

4కె గురించి రెండు ముక్కలు. టీవీకున్న నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో కాపీ చేయకుండా అడ్డుకునే హెచ్‌డీసీపీ 2.2 రక్షణ ఉన్నది ఒకదానికే. మిగతా వాటిలో పెడితే 4కె చానల్‌కు నల్లతెరే కనబడింది. పైగా 4కెలో వచ్చే చానళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి 4కె కోసమే ఈ బాక్సు కావాలనుకుంటే తొందరేమీ లేదు.

పాత బాక్సులోని అరవై గంటల రికార్డింగులు అందులోనే ఉండిపోయాయి. అవి ఆ బాక్సుకే ముడిపడేలా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి గనుక డిస్క్ తీసి కొత్త బాక్సులో పెట్టినా తెరుచుకోవు. వాటిలో పిల్లలు చూడాలని దాచుకున్నవి కొన్ని ఉన్నాయి, డిస్క్ మూలుగుతూనే ఉన్నా ఓపికగా ఒక్కొక్కటే చూపించేస్తున్నాం.

అల్మారాలోని బాక్సును టెక్నీషియన్ చేతికే ఇచ్చి, దాని సీరియల్ నంబరు వేసి రసీదు రాయించుకున్నాను. తరువాతి నెల బిల్లులో ఆ 2 మళ్లీ కనిపించింది. రసీదు ఫొటో పంపితే మరునాటికి తీసేశారు. ఆరు నెలల జమ మాత్రం ఇంకో బిల్లు తరువాత గానీ రాలేదు. అద్దె మొదలయ్యే 13వ నెల తేదీని, ఒప్పందం ముగిసే తేదీని ఆ రసీదు వెనకాలే రాసి టీవీ కింది సొరుగులో పెట్టాను.