ఎల్ట్స్ కోటకు పిల్లలతో నడిచి వెళ్లడానికి ఏ దారి మేలు?

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, బాన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఎవరింటికి ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా, రైన్ నదిలో పడవ షికారు ముగిసిన మరుసటి వారాంతానికి ఎల్ట్స్ కోట పేరు వినబడుతుంది. ఆ వెంటనే నాకు ఫోను వస్తుంది. కోట గురించి ఎవరూ అడగరు. దాని చిత్రాలు అందరూ చూసే ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: పిల్లలతో వెళ్తున్నాము, కారు పైన నిలిపి కిందికి దిగడం మేలా, మొజెల్‌కెర్న్ గ్రామం నుంచి వాగు వెంబడి నడిచి వెళ్లడం మేలా? నేను రెండు దారులలోనూ పిల్లలతో నడిచినవాడిని కనుక, ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడిగా చెప్పినదంతా ఒకచోట రాస్తున్నాను.

భువనగిరి, కొండవీడు వంటి కోటలకు అలవాటుపడిన మనకు ఎల్ట్స్ కోట ఉన్న చోటు కొంత విచిత్రంగా తోస్తుంది. మన కోటలు కొండనెక్కి కూర్చుంటాయి కనుక ముందు ఎక్కుతాము, తరువాత దిగుతాము. ఎల్ట్స్ కోట లోయలో ఉంది. మూడు వైపులా వాగు చుట్టి పారుతుండగా మధ్యలో నిలిచిన సుమారు 70 మీటర్ల రాతి గుట్ట మీద దానిని కట్టారు. చుట్టూ ఉన్న కొండలు మాత్రం దానికంటే ఎత్తయినవి. అందువల్ల కార్లు నిలిపే మైదానం కోటకంటే ఎత్తులోనూ, మొజెల్‌కెర్న్ గ్రామం కోటకంటే పల్లంలోనూ ఉన్నాయి. ఏ దారి మేలో తేల్చేది దూరం కాదనీ, ఎక్కవలసిన ఎత్తు ప్రయాణంలో ముందు వస్తుందా వెనుక వస్తుందా అన్నదేననీ నా అభిప్రాయం.

మొదట పైదారి సంగతి. వియర్షెమ్ గ్రామం దాటాక వచ్చే ఆంటోనియస్ ప్రార్థనా మందిరం దగ్గర కార్లు నిలుపుతారు. అక్కడి నుంచి కోటకు తారు రోడ్డు మీద సుమారు 800 మీటర్లు, అడవి బాట గుండా అయితే 1.3 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద పసిపిల్లల తోపుడుబండి నడుస్తుంది. పావుగంటలో కోట ముందుంటారు. అడవి బాటలో పది నిమిషాలు ఎక్కువ పట్టినా నీడ ఉంటుంది. నడవలేనివారి కోసం కొద్దిపాటి రుసుముతో చిన్న బస్సు కూడా తిరుగుతుంది. వీటన్నిటినీ మించిన ఆకర్షణ, ఈ రోడ్డు చివరి మలుపు తిరగగానే కోట మొత్తం ఒక్కసారిగా కంటి ముందు నిలవడం. యూరోకు ముందు చెలామణీలో ఉన్న 500 జర్మన్ మార్కుల నోటు వెనుక అచ్చయిన కోట ఇదే.

కాగితం మీద చూస్తే పైదారిని కాదనవలసిన అవసరమే లేదు. ఇబ్బంది అంతా తిరుగు ప్రయాణంలో ఉంది. దిగేటప్పుడు పిల్లలు పరుగులు తీస్తారు, పెద్దలు మురిసిపోతారు. లోపల గైడుతో గదులన్నీ చూసి, ఖజానా ప్రదర్శన చూసి, ప్రాంగణంలో ఎండకు కాసేపు నిలబడి, ఏదో తిని బయటపడేసరికి రెండు మూడు గంటలు గడిచిపోతాయి. పిల్లల ఓపిక సరిగ్గా అడుగంటిన ఆ సమయంలో, దిగినంత మేరా నిటారుగా ఎక్కవలసి వస్తుంది. మేము మొదటిసారి వెళ్లినప్పుడు మా ఐదేళ్ల చిన్నది సగం దారిలో రోడ్డు పక్కన చతికిలబడి ఇక కదలనన్నది. దాన్ని భుజాన వేసుకుని మిగతా దారి ఎక్కాను. బస్సు ఎక్కవచ్చు కదా అంటారు. ఆ ఆలోచన ఆ సాయంత్రం అక్కడున్న ప్రతి కుటుంబానికీ వచ్చింది.

ఇక మొజెల్‌కెర్న్ దారి. కోబ్లెంట్స్ నుంచి ట్రియర్ వైపు వెళ్లే, ప్రతి ఊరిలోనూ ఆగే రైలు ఎక్కితే అరగంట దాటిన కాసేపటికి ఈ గ్రామంలో దిగవచ్చు. మొజెల్ నది ఒడ్డున ద్రాక్షతోటల కింద ఒదిగి ఉన్న చిన్న ఊరు. ఇక్కడి పంచాయతీ భవనం 1535 నాటిది. మొజెల్ తీరంలోని పంచాయతీ భవనాలలో అన్నిటికంటే పాతదిగా దీనిని చెబుతారు. చర్చి దగ్గర మెరోవింజియన్ రాజుల (మధ్యయుగపు తొలినాళ్ల ఫ్రాంకు రాజవంశం) కాలపు రాతి శిలువ నమూనా ఒకటి నిలబెట్టారు. అసలుది బాన్ మ్యూజియంలో ఉంది. ఎల్ట్స్ వాగు మొజెల్‌లో కలిసేది ఈ ఊరిలోనే కనుక దారి వెతుక్కోవలసిన పని లేదు. వాగుకు ఎదురు నడిస్తే కోట వస్తుంది.

స్టేషను నుంచి కోటకు మొత్తం దూరం సుమారు ఐదు కిలోమీటర్లు. మొదటి సగం ఊరి వీధులు, ఆ తరువాత లోయలోకి పోయే చిన్న రోడ్డు. రింగెల్‌స్టైన్ నీటిమర దగ్గర ఆ రోడ్డు ఆగిపోయి అడవి బాట మొదలవుతుంది. కారులో వచ్చినవారు నీటిమర దాకా వచ్చి మొదటి సగాన్ని తప్పించుకోవచ్చు. నన్నడిగితే అసలైన నడక అక్కడి నుంచే. బాట వాగును విడవకుండా, కొన్నిచోట్ల నీటికి అడుగు దూరంలో, కొన్నిచోట్ల కొంచెం పైగా సాగుతుంది. పిల్లలకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: విసరడానికి రాళ్లు, దాటడానికి వేర్లు, నీటిలో తేలించడానికి ఆకులు. ఐదు కిలోమీటర్లు నడవాలంటే మొహం ముడుచుకునే పిల్లవాడు కూడా వాగు పక్కన ఎంత నడిచాడో గమనించడు. పెద్దవాళ్లకు గంటా పావు పట్టే దారి పిల్లలతో రెండు గంటలు పడుతుంది. ఆలస్యమంతా ఆటవల్లనే తప్ప అలసటవల్ల కాదు.

ఈ దారిలోనూ ఎక్కుడు ఉంది. అది చివరి భాగంలో, మెట్ల రూపంలో వస్తుంది. అయితే అప్పటికి కోట గోడలు చెట్ల సందుల్లోంచి తలపైన కనబడుతూ ఉంటాయి. కళ్లెదుట గమ్యం పెట్టుకుని ఎక్కే ఎత్తు వేరు, చూడవలసినదంతా చూసేసి ఇంటిముఖం పట్టాక ఎక్కే ఎత్తు వేరు. మెట్లు ఎక్కిన అలసట ప్రాంగణంలో కూర్చోగానే తీరుతుంది. తిరుగు ప్రయాణంలో మొదట దిగుడు, ఆ తరువాత ఇంచుమించు చదునైన వాగు బాట. మా రెండో ప్రయాణంలో ఆ చతికిలబడిన చిన్నదే, ఏడాది వయసు పెరిగి, పది కిలోమీటర్లు పూర్తిచేసి రైలెక్కింది. ఆ ఏడాది ఎదుగుదలకు కొంత వాటా ఇచ్చినా, మిగతా పుణ్యం దారిదే.

ఈ దారికి ఒక లోపం ఉంది, చెప్పకపోతే పక్షపాతమవుతుంది. కింద నుంచి వచ్చేవారికి ఆ ప్రసిద్ధ దృశ్యం దానంతట అది కనబడదు. కోట ముక్కలు ముక్కలుగా, అడుగు భాగం ముందుగా కనబడుతుంది. కనుక ద్వారం దగ్గర ఆగిపోకుండా వంతెన దాటి, పైదారి రోడ్డు మీద వందడుగులు ఎక్కి వెనుదిరిగి చూడాలి. లోయ ఆవలి కొండమీద ట్రుట్సెల్ట్స్ శిథిలాలు కూడా ఉన్నాయి. 1331లో మొదలైన పోరులో ట్రియర్ ఆర్చిబిషప్పు బాల్డ్విన్, ఈ కోటను లొంగదీయడానికే దాని ఎదురుగా, దానికంటే ఎత్తులో మరో చిన్న కోట కట్టించి అక్కడి నుంచి రాళ్లు విసిరించాడు. ఎత్తు ఎవరిదైతే పైచేయి వారిదని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. నడకలో చెప్పడానికి ఇంకో కథ కావాలంటే, 13వ శతాబ్దంలో అన్నదమ్ములు వాటాలు పంచుకుని, ఒకే ప్రాకారంలో వేరువేరు ఇళ్లు కట్టుకుని కాపురాలు చేసిన సంగతి చెప్పవచ్చు. మన పల్లెటూళ్ల ఉమ్మడి ఇళ్లను చూసిన తాతయ్యలకు అది వెంటనే అర్థమవుతుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉంటే నా తీర్పు మారుతుంది. వారికి ఐదు కిలోమీటర్లు వద్దు. దిగుడు వారిని ఎక్కుడుకంటే ఎక్కువగా బాధిస్తుంది కనుక తారు రోడ్డు కూడా వద్దు. రెండు వైపులా చిన్న బస్సే ఎక్కించాలి. కోటలోపల కూడా మెట్లు ఎక్కువనీ, ప్రాంగణంలో గరుకు రాళ్లు పరిచి ఉంటాయనీ ముందే చెప్పి తీసుకువెళ్లండి. ఇద్దరు కారు నడిపేవారున్న కుటుంబాలకు నేను చెప్పేది, ఒకరు పెద్దలను పైదారిన తీసుకువెళ్లడం, మరొకరు పిల్లలతో నీటిమర నుంచి నడిచి రావడం, అందరూ ప్రాంగణంలో కలుసుకోవడం. నడిచి వచ్చినవారు కారు దగ్గరకు మళ్లీ వెనక్కే నడవాలి కనుక ఆ పని ఓపికైనవారికి అప్పగించండి.

మిగతా దారుల గురించి రెండు మాటలు చాలు. ట్రయిస్-కార్డెన్ నుంచి కోట మీదుగా మొజెల్‌కెర్న్ వరకు వచ్చే బాట, నది పొడవునా 365 కిలోమీటర్లు సాగే మొజెల్‌స్టైగ్ అనే నడకదారిలో ఒక రోజు మజిలీ. పదేళ్లు దాటి నడక అలవాటున్న పిల్లలతో బాగుంటుంది. వియర్షెమ్ నుంచి చుట్టి వచ్చే 12.6 కిలోమీటర్ల ఎల్ట్స్ కోట పనోరమా బాట 2013లో జర్మనీలోకెల్లా అందమైన నడకదారిగా ఎంపికైంది. అది నడకను ప్రేమించే పెద్దల దారి.

మొజెల్‌కెర్న్ దారిని ఎంచుకున్నవారికి కొన్ని జాగ్రత్తలు. నీటిమర దాటాక తోపుడుబండి పనికిరాదు. పసిబిడ్డను వీపున మోసే సంచి ఉండాలి. పలకరాయి బాట కనుక వాన పడిన మరునాడు జారుతుంది, చెప్పులతో రావద్దు. వేసవిలో గడ్డిలో పిడుదులు ఉంటాయి. పిల్లలకు పొడవు ప్యాంట్లు వేసి, ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనుక, మెడ మీద వెతికి చూడండి. కోట ఏప్రిల్ మొదటి తేదీ నుంచి నవంబరు తొలి రోజుల వరకే తెరిచి ఉంటుంది. దారిలో దుకాణాలను నమ్ముకోవద్దు. పులిహోర, నీళ్లు మీ వెంటే ఉండాలి. మధ్యాహ్నపు రద్దీకి ముందే లోపలికి వెళ్లాలంటే కోబ్లెంట్స్‌లో పొద్దున తొమ్మిదిలోపు రైలెక్కండి. తిరుగు రైలు గంటకొకటి కనుక, ఊరు చేరేముందు పిల్లలు వాగులో ఇంకాసేపు ఆడతామంటే వాచీ చూసి ఒప్పుకోండి.