సిరోంచలో దస్తావేజు దుకాణం: అమ్మకం కాగితానికి భేష్, హక్క సోడ్‌పత్రానికి జాగ్రత్త

అమ్మకం కాగితమైతే, అంటే ఖరేదీఖత్ అయితే, మహారాష్ట్ర సిరోంచలోని ఈ దస్తావేజులు రాసే దుకాణంలో నిశ్చింతగా రాయించుకోవచ్చు. సాత్‌బారా (7/12, పొలం హక్కుల పత్రం), ఎనిమిది-అ (8-అ, ఖాతా పత్రం) ముందు పెట్టుకుని గట్ నంబరు (మన సర్వే నంబరు లాంటిది), నాలుగు హద్దులు తప్పు లేకుండా దించుతారు. మరాఠీలో రాసింది తెలుగులో చదివి వినిపిస్తారు. సగం మార్కులు దానికే.

చిక్కంతా హక్క సోడ్‌పత్రం దగ్గర. తండ్రి పోయాక అక్కచెల్లెళ్లు తమ వాటా అన్నదమ్ములకు వదిలే కాగితమది, మన మాటల్లో హక్కు విడుదల. ఇక్కడ దానికీ బక్షీస్‌పత్రానికీ (దానపత్రానికీ) ఒకే నమూనా వాడి, పైన పేరు మాత్రం మారుస్తున్నారు. రెండూ ఒకటి కావు. బక్షీస్ వాటాదారు కానివాళ్లకూ ఇవ్వొచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇచ్చినవాళ్లు బతికుండగానే పుచ్చుకునేవాళ్లు ఒప్పుకోవాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్ట్రేషన్ కావాలి. హక్కు విడుదల మాత్రం ఉమ్మడి వాటాదారు ఇంకో వాటాదారుకే చేయాలి. తమ్ముడి భార్య పేరిట ‘సోడ్‌పత్రం’ రాయమంటే రాసిచ్చేస్తున్నారు; ఆమెకు వాటా లేనప్పుడు అది బక్షీసే అవుతుంది.

ఈ తేడా జేబుకూ తగులుతుంది. పొలమో, ఉండే ఇల్లో భార్యాభర్తలకు, పిల్లలకు, మనవలకు బక్షీస్ ఇస్తే స్టాంపు సుంకం 200 రూపాయలే, సర్‌చార్జీ, రిజిస్ట్రేషన్ రుసుము వేరు. ఆ జాబితాలో తోబుట్టువులు లేరు. అక్క తమ్ముడికి బక్షీస్ అని రాస్తే శాతం లెక్కన పడుతుంది. అదే పిత్రార్జితంలో వాటా డబ్బు తీసుకోకుండా వదిలితే చిన్న స్థిర సుంకంతో పోతుంది. నమూనాలో ‘ఇంత సొమ్ము ముట్టింది’ అన్న పాత వాక్యం ఉంటే కొట్టేయించండి, ఆ ఒక్క వాక్యమే లెక్క మార్చేస్తుంది.

‘నాకు హక్కు వద్దు’ అని రాసి ఊరుకోవద్దు. ఎవరికి, ఏ గట్‌లో, ఎంత అన్నది ఉండాలి. విస్తీర్ణం ఇక్కడ హెక్టార్-ఆర్‌లో రాస్తారు, ఆర్ అంటే హెక్టారులో నూరో వంతు. మనం ఎకరం, గుంటల్లో చెబుతాం. అదృష్టం కొద్దీ ఒక ఆర్, ఒక గుంట దాదాపు సమానం, 0.80 హెక్టార్ అంటే రెండెకరాలకు కాస్త తక్కువ. సాత్‌బారాలో ఇంకా తండ్రి పేరే ఉంటే ముందు వారస్ నోంద్ (వారసుల పేర్ల నమోదు) చేయించాలి, లేకపోతే ఫేర్‌ఫార్ (పేరు మార్పు) దగ్గర ఆగుతుంది. ఈ సంగతి దుకాణంవాళ్లు అడిగితే తప్ప చెప్పరు, అదే పెద్ద లోపం.

రాసిన ఫీజు, సర్కారు రుసుము విడివిడిగా రాయించి రసీదు తీసుకోండి. సంతకాలయ్యాక నాలుగు నెలల్లోగా సబ్-రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. ప్రాణహిత అవతల తెలంగాణలో పొలం రిజిస్ట్రేషన్, పేరు మార్పు ఒకేచోట అయిపోతున్నాయి గదా అని ఇక్కడా ఊరుకోవద్దు. సూచీ-2 (రిజిస్ట్రేషన్ వివరాల పత్రం) ప్రతి పట్టుకుని తలాఠీని, అంటే గ్రామ రెవెన్యూ అధికారిని, కలవండి. నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు 15 రోజులు ఆగి, మండల్ అధికారి (తలాఠీపై ఉండే సర్కిల్ అధికారి) ధ్రువీకరించాకే సాత్‌బారాలో పేరు మారుతుంది.