విజయనగరం వాళ్ళకి హెచ్చరిక: ఈ స్కీయింగ్ ప్యాకేజీకి డబ్బులు కట్టకండి

నేను ఎవరి గురించి రాస్తున్నానో మన ఊరివాళ్ళలో చాలామందికి పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. కాశీ, షిర్డీ, చార్‌ధామ్ యాత్రలు తిప్పుతూ పేరు తెచ్చుకుని, ఈమధ్య 'స్నో ప్యాకేజీలు' కూడా అమ్ముతున్న ట్రావెల్స్ ఆయన. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం కాబట్టి పేరు రాయడం లేదు. నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి అతని కొత్త పోస్టర్ వచ్చింది. ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని గుల్‌మర్గ్, స్కీయింగ్ (కాళ్ళకి పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం) ట్రైనింగ్‌తో సహా, 'గొండోలా రెండు ఫేజులూ గ్యారంటీ' అట. గొండోలా అంటే అక్కడి కేబుల్ కార్, రెండు దశల్లో కొండ మీదికి వెళ్తుంది. కింద అప్పుడే ఇద్దరు 'డీటెయిల్స్ ప్లీజ్' అని పెట్టారు. అది చూశాక ఇక ఆగలేకపోయాను. ఇంట్లో బ్యాగులు కూడా ఇంకా విప్పలేదు.

మాకు అమ్మింది ఔలి ప్యాకేజీ. ఔలి అంటే ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైన ఉన్న స్కీయింగ్ కొండ. మనిషికి 31,000 చొప్పున ఆరుగురికి 1,86,000 రూపాయలు, బయల్దేరే ముందే మొత్తం కట్టించుకున్నాడు. విజయనగరంలో సమతా ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణుంచి హరిద్వార్, తర్వాత టెంపో ట్రావెలర్‌లో జోషీమఠ్, జోషీమఠ్ నుంచి రోప్‌వేలో, అంటే తీగల మీద వెళ్ళే పెట్టెలో, ఔలి. మా బాబుకీ, మా ఆడపడుచు కూతురికీ సర్టిఫికెట్‌తో స్కీయింగ్ కోర్సు. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ రానంటే, మా హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ ఇతనే ఒప్పించాడు. "కొండెక్కే పనే లేదు మామ్మగారూ, జోషీమఠ్‌లో రోప్‌వే పెట్టె ఎక్కితే ఔలిలో దిగడమే. బదరీనాథుడు ఉండే కొండలు కూడా చూసినట్టుంటుంది" అన్నాడు. ఆ మాట మీదే ఆవిడ బయల్దేరారు.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. రిషికేశ్ దాటాక జోషీమఠ్ దాకా దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పొద్దున బయల్దేరితే చీకటి పడ్డాక చేరాం. 'ఔలి స్టే' అని చెప్పిన హోటల్ జోషీమఠ్‌లోనే ఉంది, గదిలో హీటర్ లేదు. సరే, ఒక రాత్రే కదా అని ఊరుకున్నాం.

మర్నాడు పొద్దున సామానుతో సహా రోప్‌వే స్టేషన్‌కి వెళ్ళాం. గేటుకి తాళం. తీగలు మాత్రం పైన అలాగే ఉన్నాయి, కొండ మీదికి పోతూ. లోపల మనుషుల అలికిడి లేదు. ఎదురుగా టీ అమ్మే ఆయన్ని అడిగితే, "2023 జనవరి నుంచీ బంద్ కదా" అన్నాడు. ఆ నెలలోనే జోషీమఠ్‌లో భూమి కుంగింది. వందల ఇళ్ళు బీటలు వారి, కుటుంబాలను ఖాళీ చేయించారు. రోప్‌వే ఆగింది కూడా అప్పుడే. మేము వెళ్ళేదాకా మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఇతనికి తెలియదు అనడానికి లేదు. బదరీనాథ్ వెళ్ళే బస్సు ఏదైనా జోషీమఠ్ మీదుగానే వెళ్ళాలి. ఏటా యాత్రికులను ఆ దారినే తిప్పుతున్నాడు. ఆ ఊళ్ళో ఏది నడుస్తోందో, ఏది మూతపడిందో అతనికి తెలిసినంతగా మన జిల్లాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. అయినా మా చేతిలో పెట్టిన వోచర్‌లో 'జోషీమఠ్–ఔలి రోప్‌వే, రానుపోను, ఇన్‌క్లూడెడ్' అని ఉంది. పక్కన ఆకుపచ్చ టిక్కు, కింద స్టాంపు, అతని సంతకం.

అక్కడే నిలబడి ఫోన్ చేశాం. మావారు చేస్తే కట్ చేశాడు. నా నంబర్ నుంచి చేస్తే ఎత్తాడు. అందరికీ వినపడాలని స్పీకర్ పెట్టాను.

"రోప్‌వే మూసేసి ఉందండీ" అన్నాను.

"అవును మేడమ్, అది చాన్నాళ్ళుగా బందే కదా" అన్నాడు. గొంతులో తడబాటు లేదు, ఆశ్చర్యం లేదు. నాకు ఒక్క క్షణం మాట రాలేదు.

"మరి వోచర్‌లో ఎందుకు రాశారు?"

"పాత ఫార్మాట్ మేడమ్, ప్రింట్ తీస్తే అలా వచ్చేస్తాది."

"మా ఇంటికొచ్చి మా అత్తయ్యగారితో మీ నోటితోనే చెప్పారు కదా?"

అప్పటిదాకా ఉన్న మేడమ్ పోయింది. "ఏటమ్మా, ముప్ఫై ఒక్క వేలకి ఏటేటి కావాలి మీకు? ఆ డబ్బుకి లంబసింగి చూపించడమే ఎక్కువ. అయినా నడవలేని ముసలావిడని మంచులోకి ఎవులు తెమ్మన్నారు? ఇంట్లో వదిలేసి రావల్సింది" అని ఫోన్ పెట్టేశాడు.

అత్తయ్యగారు నా పక్కనే ఉన్నారు. మంకీ క్యాప్, దాని మీద శాలువా, ఒక చేత్తో గేటు ఊచ పట్టుకుని నిలబడ్డారు. ప్రతి మాటా విన్నారు. ఆవిడ పేరు మీద కూడా 31,000 తీసుకున్న మనిషి, ఆవిడ వద్దంటే కూర్చుని ఒప్పించిన మనిషి అన్న మాటలవి. కాసేపటికి ఆవిడ, "నా వల్లే కదమ్మా మీకు ఇంత ఇబ్బంది" అన్నారు. డబ్బు పోయిందంటే ఎలాగోలా సర్దుకుంటాం. ఆవిడ నోటి నుంచి ఆ మాట వచ్చేలా చేసినందుకు మాత్రం నేను అతన్ని వదలను.

తర్వాత మా డబ్బుతో లోకల్ ట్యాక్సీ పెట్టుకుని రోడ్డు మీదుగా పైకి వెళ్ళాం. అత్తయ్యగారు రానన్నారు. మావారు ఆవిడని జోషీమఠ్‌లోనే నరసింహస్వామి గుడికి తీసుకెళ్ళారు. చలికాలం బదరీనాథ్ గుడి మూసినప్పుడు శంకరాచార్యుల గద్దెను ఈ గుడికే తెస్తారు. మన సింహాద్రి అప్పన్నే ఇక్కడా ఉన్నాడని ఆవిడ కాస్త తేరుకున్నారు.

ఔలిలో ఇంకో అబద్ధం బయటపడింది. అక్కడ సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు నడిపేది ప్రభుత్వ సంస్థ గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్. వాళ్ళ దగ్గర కోర్సులు ఏడు రోజులది, పద్నాలుగు రోజులది ఉంటాయి. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. లిస్టులో మా పిల్లల పేర్లు లేవు. అసలు మా ప్యాకేజీలో ఔలికి ఇచ్చిన టైములో ఆ కోర్సు చేయడమే కుదరదు. ఇది ప్లాన్ వేసిన రోజే అతనికి తెలుసు. పిల్లల మొహాలు చూడలేక అద్దెకి స్కీలు ఇచ్చే ఒక కుర్రాడితో మాట్లాడాం. ఎంతో ఓపికగా నేర్పాడు. ప్లాస్టిక్ బూటు రాయిలా గట్టిగా ఉంటుంది, బకిల్స్ బిగించాక చీలమండ కదలదు. ముందు బూటు ముక్కు స్కీ మీది క్లిప్పులో దూర్చి, తర్వాత మడమతో గట్టిగా తొక్కితే 'టక్' అని పడుతుంది. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెడితే బ్రేకు. మా బాబు సాయంత్రానికి పడకుండా ఆగడం నేర్చుకున్నాడు. ఎదురుగా నందాదేవి, 7,816 మీటర్లు, మబ్బు లేకుండా కనిపించింది. ఔలిలో లోటు లేదు, అక్కడి మనుషుల్లో లోటు లేదు. మంచు కొంచెం తక్కువగానే ఉంది, దానికి నేను ఎవరినీ అనను. 2024 జనవరిలో గుల్‌మర్గ్‌లోనే మంచు లేక నేల కనిపించింది, అది మన చేతిలో లేనిది. మూతపడిందని తెలిసి తెలిసి రోప్‌వే అమ్మడం అలాంటిది కాదు.

తిరిగొచ్చాక ఆఫీసుకి వెళ్తే, గూగుల్‌లో ఫైవ్ స్టార్ పెడితే రోప్‌వే టికెట్ల డబ్బులు మాత్రం ఇస్తానన్నాడు. లేచి వచ్చేశాం.

ఇప్పుడు గుల్‌మర్గ్ పోస్టర్ సంగతి. గొండోలా మొదటి ఫేజు కొంగ్‌దూరి దాకా, రెండోది అఫర్వాత్ దాకా, దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. గాలి ఎక్కువైనా, మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నా పై ఫేజు ఆపేస్తారు. కాబట్టి రెండు ఫేజులూ గ్యారంటీ అనే హక్కు ఎవరికీ లేదు. టికెట్లు జమ్మూకశ్మీర్ ప్రభుత్వ కేబుల్ కార్ కార్పొరేషన్ సైటులో మన పేరు, గుర్తింపు కార్డు మీద దొరుకుతాయి, మీరే తీసుకోండి. టన్‌మర్గ్ నుంచి గుల్‌మర్గ్ 13 కిలోమీటర్లు, మంచు పడితే చైన్లు కట్టిన బండి కావాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మాకు జరిగినట్టు జరిగి, ఫోన్ కూడా లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఏ ఏజెంట్ అయినా సరే, డబ్బు సొంత ఫోన్‌పేకి కాకుండా సంస్థ ఖాతాకి కట్టి జీఎస్టీ బిల్లు తీసుకోండి. హోటల్ పేరు, ఊరు రాయించుకుని మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఇప్పటికే మోసపోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

అతని దగ్గర ఔలి ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు మన జిల్లాలో, శ్రీకాకుళంలో ఇంకా ఉన్నారని విన్నాను. ఆ వోచర్ పారేయకండి. రోప్‌వే అని రాసిన లైను, తేదీ, సంతకం కనపడేలా ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, అందరివీ కలిపి కమిషన్‌కి ఇస్తాం.