ఓడీకే కలెక్ట్: ఉద్దానం తోటల్లో మూడు వారాలు తిప్పాక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస మండలాల్లో తాగునీటి బోరింగులు, బావులు ఎక్కడున్నాయి, వాటిలో ఏవి పనిచేస్తున్నాయి అని లెక్కతీసే పని మొన్న ఎండాకాలం మా నలుగురి మీద పడింది. పగలంతా కాగితాల మీద రాసి, రాత్రి కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కించే చాకిరీ ఒకసారి చేసినవాణ్ణి కాబట్టి ఈసారి ససేమిరా అన్నాను. అందరి ఫోన్లలో ఓడీకే కలెక్ట్ వేయించాను, సర్వే ఫారాలు ఫోన్లోనే నింపే యాప్ ఇది. ఉచితం, యాడ్స్ లేవు, 2008లో వాషింగ్టన్ యూనివర్సిటీలో మొదలైన ఓపెన్ సోర్స్ యాప్. ఆండ్రాయిడ్‌కి మాత్రమే ఉంది, అందుకని మాలో ఐఫోన్ ఉన్న ఒక్కడూ వాళ్ల నాన్న పాత ఫోన్ అడిగి తెచ్చుకున్నాడు.

నాకు బాగా నచ్చింది ఫారం తయారీ. ప్రశ్నలన్నీ ఎక్సెల్‌లోనే రాసుకోవచ్చు, పక్కన ఇంకో కాలమ్ పెట్టి తెలుగులో కూడా రాస్తే ఫోన్లో భాష మార్చుకుని అలాగే చదివి అడిగేయొచ్చు. "బోరింగు పనిచేస్తోందా" అంటే "లేదు" అని నొక్కితే నీటి రుచి గురించిన ప్రశ్నలు అసలు కనపడవు. నెట్ లేకపోయినా నింపిన ఫారాలు ఫోన్లోనే ఉంటాయి, సిగ్నల్ వచ్చాక పంపుకోవచ్చు. తోటల్లోకి దిగితే సిగ్నల్ సంగతి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కటే, ఖాళీ ఫారం మాత్రం బయల్దేరే ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇది మర్చిపోయిన మావాడి కథ కిందకి వస్తుంది.

ఇక లొకేషన్. మామూలుగా ఖచ్చితత్వం (అంటే చూపించే చోటు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో ఆ అంకె) 5 మీటర్లకి దిగగానే యాప్ తనంతట తనే పాయింటు తీసేసుకుంటుంది. ఆకాశం కనపడే చోట మంచి ఫోన్‌కి ఇది పెద్ద కష్టం కాదు. కొబ్బరి చెట్ల కింద కూడా పర్వాలేదు. జీడితోటలోకి వెళ్తే మాత్రం కొమ్మలు నెత్తిన తగులుతుంటాయి, ఆ గుబురు కింద 12, 15 అంటూ అక్కడే ఊగిసలాడుతుంది, ఓపిక పట్టి నిలబడాల్సిందే, లేదా ఆ 15తోనే సేవ్ చేసుకోవాలి. 2018లో తిత్లీ తుఫానుకి తోటలు కూలిపోయి మళ్లీ మొక్కలు నాటిన చోట మాత్రం టక్కున 4కి వచ్చేసింది, దానికి సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. ఇంకోటి, డేటా ఆపేసి ఉంటే పొద్దున్నే మొదటి పాయింటుకి నిమిషాలు పట్టొచ్చు. ఉపగ్రహాల వివరాలు నెట్ నుంచి రావు కాబట్టి ఫోన్ వాటిని నేరుగా ఉపగ్రహాల నుంచే వినాలి. టీ తాగేటప్పుడే లొకేషన్ ఆన్ చేసి బయట పెట్టండి.

ఎత్తు అంకెని నమ్మకండి. బారువ బీచ్‌లో నిల్చుంటే మైనస్‌లో పదుల మీటర్లు చూపించింది, మావాడు సముద్రంలో మునిగిపోయామన్నాడు. తప్పేం కాదు, ఫోన్ కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, లెక్క కోసం గీసుకున్న ఊహా భూగోళం నుంచి.

ఇప్పుడు ఆ కథ. ఫారం మర్చిపోయినవాడు ఒక రోజంతా వేరే యాప్‌లో చూసి, ఈస్టింగ్, నార్తింగ్ అంకెలు (తూర్పుకి, ఉత్తరానికి ఎన్ని మీటర్లో చెప్పేవి) నోట్‌బుక్‌లో రాసుకొచ్చాడు. జోన్ నంబరు రాయలేదు. ఈ అంకెలు వాడే యూటీఎం పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, కోస్తారు, అవే అంకెలు ప్రతి జోన్‌లోనూ మళ్లీ వస్తాయి. శ్రీకాకుళం ఊరు దాటి నరసన్నపేట చేరేలోపు 84 డిగ్రీల రేఖ వస్తుంది, అక్కడితో యూటీఎం 44వ జోన్ అయిపోయి 45 మొదలవుతుంది, మన జిల్లా రెండు ముక్కలన్నమాట. నేను అలవాటు కొద్దీ 44 అని వేసేశాను. మందస బోరింగులు పోయి పోయి నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు అవతల తేలాయి! ఆరు డిగ్రీలు పడమటికి జరిగాయన్నమాట. ఓడీకేలో అయితే ఈ గొడవే లేదు, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఖచ్చితత్వం అని నాలుగంకెలూ తనే రాసుకుంటుంది.

ఫోటోల సైజు తగ్గించే ఆప్షన్ ఫారంలోనే ఉంటుంది, నేను పెట్టలేదు, దాంతో మొదటి వారం పంపడానికి తలప్రాణం తోకకొచ్చింది. బ్యాటరీ మధ్యాహ్నం భోజనాల వేళకే సగం అయిపోయేది. ఎండలో స్క్రీన్ కనపడదు, తువ్వాలు కప్పుకుని చూడాల్సొచ్చేది. అలా చూస్తుంటే సోంపేట దగ్గర ఒక మామ్మ, "ఏటి బావూ, ఫోటోలు తీసుకెళ్లిపోతారు గానీ నీళ్లెప్పుడిస్తారు?" అంది. కిడ్నీ జబ్బుల వల్ల ఆ ఊళ్లకి సర్వేలు కొత్త కాదు. ఆ మాట రాసుకోడానికి నా ఫారంలో ఖాళీ లేదు. ఆ రాత్రే చివర్లో "ఇంకేమైనా చెప్తారా" అని ఒక గడి పెట్టి, మర్నాడు అందరి ఫోన్లలోకీ కొత్త ఫారం దింపించాను.

పొలం హద్దులు కూడా దీంతో కొలవొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. చుట్టూ నడిచి గీసే ప్రశ్న ఉంది, తోట సుమారుగా ఎంతుందో తెలుసుకోడానికి సరిపోతుంది. గట్టు తగాదాకి మాత్రం సర్వేయర్నే పిలవండి, మీ ఫోన్ అటూ ఇటూ ఐదు మీటర్లు జరిగిందంటే పక్కవాడి చెట్లు నాలుగు మీ లెక్కలోకి వచ్చేస్తాయి.