అరెస్టుకు ముందా, కోర్టు మెట్లెక్కాకా: డబ్బు ఎక్కడ పెడితే మేలు?

రాత్రి రెండు గంటలకు నడిరోడ్డు మీద ఒక మనిషి తనలో తాను గొడవపడుతూ అరుస్తున్నాడు. ఎవరో ఫోను చేస్తారు, పోలీసు వస్తాడు. అమెరికాలో చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఆ పోలీసుకు రెండే దారులు: ఆసుపత్రి అత్యవసర విభాగంలో గంటల తరబడి అతని పక్కన కాపలా కూర్చోవడం, లేదా జైల్లో అప్పగించి మళ్లీ డ్యూటీలో పడటం. రెండోదే త్వరగా తెమిలే పని. జైళ్లు మానసిక రోగులతో నిండిపోవడానికి కాఠిన్యం కన్నా ఈ సౌకర్యమే పెద్ద కారణమని నా అనుమానం.

వీళ్లను, మత్తుకు బానిసలై చిన్న కేసుల్లో దొరికినవాళ్లను జైలుకు కాక చికిత్సకు పంపాలంటే కాదనేవాళ్లు తక్కువే. ప్రజాధనాన్ని ఏ దశలో ఖర్చు చేయాలన్న దగ్గరే తగువు.

పేరున్న దారి కోర్టుది. 1989లో మయామీలో తొలి డ్రగ్ కోర్టు, అంటే మత్తు కేసుల్లో నిందితులను జడ్జి కనుసన్నల్లో చికిత్సకు పంపే కోర్టు, మొదలైంది; ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటి చికిత్సా కోర్టులు 3,000కు పైనే. నిందితుడు తరచూ జడ్జి ముందు నిలబడాలి, మూత్ర పరీక్షలకు నమూనా ఇవ్వాలి. దారి తప్పితే కొన్నాళ్లు జైలు. గట్టెక్కితే కోర్టు హాల్లోనే చప్పట్లు. ముదిరిన వ్యసనం, తలమీద పెద్ద శిక్ష ఉన్నవాళ్లకు ఈ పట్టు పనికొస్తుంది. కానీ చాలాచోట్ల ముందుగా నేరం ఒప్పుకోవాలి. మధ్యలో తడబడితే ఆ ఒప్పుకోలే మెడకు చుట్టుకుంటుంది. పది రోజుల జైలుతో పోయే చిన్న కేసుకు ఏడాదిపాటు కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? పైగా వ్యసనం చికిత్సకు డాక్టరు రాసిచ్చిన మెథడోన్ అనే మందు కూడా మత్తేనంటూ మాన్పించిన కోర్టులున్నాయి. అలాంటి వాటికి గ్రాంటు ఇవ్వబోమని ఫెడరల్ ప్రభుత్వం 2015లో షరతు పెట్టాల్సి వచ్చింది.

రెండో దారి అరెస్టు దాకా పోనివ్వదు. 1987లో మెంఫిస్‌లో పోలీసు కాల్పుల్లో ఒక మానసిక రోగి చనిపోయాక, మరుసటి ఏడాది అక్కడ పోలీసులకు 40 గంటల ప్రత్యేక శిక్షణ మొదలైంది. దేశమంతా ఆ శిక్షణను అందిపుచ్చుకుంది గానీ, అసలు కిటుకును చాలామంది వదిలేశారు: పోలీసు తెచ్చిన మనిషిని కాదనకుండా వెంటనే చేర్చుకునే ఆసుపత్రి. సియాటిల్‌లో 2011 నుంచి చిన్న మత్తు కేసుల్లో దొరికినవాళ్లను పోలీసులు నేరుగా కేస్ మేనేజర్‌కు, అంటే చికిత్స, ఇతర సాయం అందేలా వెంట ఉండి చూసుకునే మనిషికి, అప్పగిస్తున్నారు. మత్తు మానితేనే సాయం అన్న షరతు లేదు. వాళ్లు మళ్లీ అరెస్టయ్యే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే 58 శాతం తక్కువని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశీలనలో తేలింది.

డబ్బు లెక్క చూస్తే తూకం ఇంకా ఇటే మొగ్గుతుంది. జైల్లో ఉన్నవాళ్ల వైద్యానికి మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) సాధారణంగా చెల్లించదు. ఆ ఖర్చంతా కౌంటీ నెత్తినే. అదే మాత్రను బయట మింగితే, మెడికెయిడ్ ఉన్నవాళ్ల విషయంలో కనీసం సగం ఫెడరల్ ఖజానా నుంచి వస్తుంది. 2010 ఆరోగ్య బీమా చట్టం (ఒబామాకేర్) కింద కొత్తగా చేరిన పెద్దలకైతే 90 శాతం. మయామీ-డేడ్ కౌంటీ ఇలాంటి మళ్లింపులతో ఏకంగా ఒక జైలునే మూసి, ఏడాదికి 1.2 కోట్ల డాలర్లు మిగుల్చుకుంది.

అలాగని అరెస్టులు ఆపేస్తే చాలనుకుంటే ఓరెగాన్ రాష్ట్రం గుర్తుకు రావాలి. సొంత వాడకానికి దగ్గరుంచుకున్న మత్తుకు అక్కడ 2021 ఫిబ్రవరి నుంచి జైలు లేదు, 100 డాలర్ల జరిమానా చీటీయే. చికిత్స సహాయ నంబరుకు ఒక ఫోను చేసి ఆరోగ్య వివరాలు చెబితే అదీ మాఫీ. చేసినవాళ్లు బహు కొద్దిమంది. చికిత్సకు కేటాయించిన సొమ్ము ఆలస్యంగా కదిలింది. 2024 సెప్టెంబరు 1 నుంచి అది మళ్లీ నేరమైంది. చీటీ చేతిలో పెట్టి ఫోను నంబరు చూపించడాన్ని చికిత్స అనలేం కదా!

కాబట్టి నా ఓటు అరెస్టుకు ముందు దారికే, కోర్టును బరువైన కేసులకు ఉంచుకుని. మొదటి డాలరు రాత్రంతా తెరిచి ఉండే, పోలీసును నిమిషాల్లో పంపించే కేంద్రానికి. అలాంటి చోట్ల చాలావాటిలో రోగిని 24 గంటల లోపే ఉంచుకుంటారు. రెండో డాలరు ఆ మర్నాడు అతను తలదాచుకునే చోటికి. అద్దెను మెడికెయిడ్ సాధారణంగా భరించదు కనుక కౌంటీ జేబు తడుముకోవాల్సింది అక్కడే.