వాన ముంచుకొస్తే వరి కోయాలా, నిలపాలా: ఏది మేలు?

కోతకు వారం ఉందనగా ముసురు కమ్ముకుంటే అందరూ అడిగేది ఒకటే. కాస్త పచ్చిగా ఉన్నా కోసెయ్యాలా, వాన వెళ్లేదాకా చేను ఉంచాలా? తడి వడ్లను ఒక్క రోజులోపు ఆరబోసుకునే చోటు ఉంటే కోయండి. లేకపోతే, చేను నిటారుగా ఉన్నంతవరకు ముట్టుకోవద్దు.

ముందు గింజ ఏ దశలో ఉందో చూడాలి. కంకి పైనుంచి కిందికి నిండుతుంది కాబట్టి కంకి అడుగునున్న గింజను గోటితో నొక్కండి. పాలు చిమ్మినా, పిండిలా నలిగినా కోయడం దండగే, మరలో అంతా నూకే అవుతుంది. నూటికి 80–85 గింజలు పసుపు తిరిగి, తేమ 20–24 శాతానికి దిగితే కోతకు వచ్చినట్టు. పూత నుంచి ఇక్కడికి రావడానికి వేడి ప్రాంతాల్లో సుమారు 30 రోజులు, చలి ప్రాంతాల్లో 65 రోజుల దాకా పడుతుంది. ఆ రోజుల్లో సగటు ఉష్ణోగ్రత 26–27 డిగ్రీలు దాటితే గింజ తొందరపడి నిండి లోపల సుద్దలా తెల్లబడుతుంది. మబ్బు వీడకపోతే సరిగా నిండనే నిండదు.

ఆ వాతావరణం గింజ నిద్రావస్థను, అంటే తడి తగిలినా మొలవకుండా ఆగే గుణాన్ని కూడా మారుస్తుంది. ముదిరే రోజుల్లో వేడి, తేమ రెండూ ఎక్కువైతే నిద్ర త్వరగా వదులుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు తడి ఆరకపోతే చాలు, గింజ అడుగున పొట్టు చీలి తెల్లని చుక్క కనబడుతుంది. నారుమడికి నానిన విత్తనాన్ని మండె కట్టి కప్పినప్పుడు ముక్కు పగిలినట్టే, కంకి మీదే పగులుతుంది. లోపలి పిండి చక్కెరగా కరుగుతుంది కనుక పైకి బాగున్న గింజ కూడా మరలో చితుకుతుంది.

రకానికీ రకానికీ ఈ నిద్రలో చాలా తేడా ఉంటుంది. 2010లో కాసలత్ అనే రకం నుంచి వెలికితీసిన ఎస్‌డీఆర్4 జన్యువు ఈ తేడాకు ఒక ముఖ్య కారణం. మీ చేను సంగతి తెలుసుకోవడానికి జన్యువులతో పనిలేదు. ముదిరిన కంకుల నుంచి 100 గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి నాలుగు రోజులు ఉంచండి. పది కూడా మొలవకపోతే వాన తగ్గేదాకా ఆగే వెసులుబాటు ఉంది. సగం మొలిస్తే లేదు.

నిలిచిన చేనుకు ఒక మేలుంది: వాన ఆగి గాలి ఆడితే కంకి దానంతటదే ఆరుతుంది. గట్లు తెగ్గొట్టి నీరు వదిలేస్తే మరీ మంచిది. అయితే తేమ అప్పటికే 16 శాతం కంటే కిందికి దిగిన చేనును వానకు వదలకండి. ఎండిన గింజ ఒక్కసారిగా నీరు పీల్చితే లోపల పగుళ్లు పడతాయి. మొలక రాకపోయినా బియ్యం విరుగుతాయి. ఇలాంటి వడ్లు ఆరబెట్టడమూ తేలికే, వెంటనే కోసెయ్యండి.

ఇక పచ్చివడ్ల లెక్క. 24 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను 14 శాతానికి తేవాలంటే దాదాపు 11.6 కిలోల నీరు పోవాలి. నాలుగు సెంటీమీటర్ల మందంలో పోస్తే క్వింటాలుకు నాలుగున్నర చదరపు మీటర్ల చోటు కావాలి, అంటే 20 క్వింటాళ్లకు 90 చదరపు మీటర్లు. అరగంటకోసారి తిరగెయ్యాలి. అంత చోటు గానీ, ఆరబెట్టే యంత్రం గానీ లేకుండా కోసి పోగు పెడితే లోపల రాత్రికి రాత్రే వేడెక్కుతుంది. చేలో నాలుగు రోజుల్లో జరిగే నష్టం పోగులో ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. కోత యంత్రం దొరికిందన్న తొందరలో చాలామంది మరిచేది ఇదే.

కోసిన వరిని పనలుగా చేలోనే పరిచి వదలడం మాత్రం వద్దు. కంకి నేలకు తగిలి కింది తడి ఆరదు.

వాలిపోయిన చేనుదీ అదే కష్టం. దాన్ని లేపి నాలుగైదు దుబ్బులు కలిపి జడచుట్టు కట్టండి. వీలుకాకపోతే లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకులు తడిసేలా చల్లండి. తడిసిన పనలకూ ఇదే. పనలు కుప్ప వెయ్యక తప్పకపోతే ఎకరాకు 25 కిలోల ఉప్పు పొరపొరకూ చల్లాలి. నూర్చిన తడి వడ్లకైతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టి, ఎండ రాగానే ఆరబోసి తూర్పారబట్టండి. ఉప్పు గింజ నీరు పీల్చడాన్ని నెమ్మది చేస్తుంది, అంతే. నాలుగు రోజులు ఆగడానికే పనికొస్తుంది. ముక్కు పగిలిన గింజకు అది ఏమీ చేయలేదు. ఆ వడ్లను విడిగా పోసి, ఆరగానే ముందుగా మరకు పంపండి. విత్తనానికి మాత్రం ఉంచకండి.