ట్రైలర్ టంగ్ మీద సైకిల్ ర్యాక్: నాలుగేళ్ళు వాడాక నా మాట

మా ట్రావెల్ ట్రైలర్‌కి (కారు వెనక లాక్కెళ్ళే చిన్న చక్రాల ఇల్లు) ముందు వైపు, కారుకి తగిలించే ఇనుప కొసని టంగ్ అంటారు. దాని మీద బిగించిన ఈ సైకిల్ ర్యాక్ మీద నాకున్న ఇష్టమంతా ఒక్క కారణం చేతనే. బండి నడుపుతున్నంతసేపూ సైకిళ్ళు నా కళ్ళెదుటే ఉంటాయి. రియర్ వ్యూ మిర్రర్‌లోకి చూపు తిప్పితే చాలు, డిక్కీ అద్దానికి అవతల మా ఆవిడ సైకిల్, దాని వెనక నాది కనిపిస్తాయి. స్ట్రాప్ వదులైనా, హ్యాండిల్ పక్కకి వాలినా అప్పుడే తెలిసిపోతుంది. ట్రైలర్ వెనక బంపర్‌కి ర్యాక్ బిగించుకున్నవాళ్ళకి ఈ నిశ్చింత దొరకదు. ఒకసారి డాలస్ నుంచి అమరిల్లో వెళ్ళే 287 హైవే మీద మా ముందు వెళ్తున్న ట్రైలర్ వెనక ఒక సైకిల్ సగం ఊడి, చక్రం రోడ్డుకి రాసుకుంటూ పోతోంది. హారన్ కొట్టాం, లైట్లు వేశాం. ఆయన పక్కకి తీసి ఆపేసరికి టైరంతా అరిగి రిమ్ము బయటపడింది. పాతికడుగుల వెనక ఏం జరుగుతోందో పాపం ఆయనకెలా తెలుస్తుంది?

ఆ బంపర్ల సంగతి కూడా చెప్పాలి. ట్రావెల్ ట్రైలర్లకి వచ్చే నాలుగంగుళాల చదరపు బంపర్ పల్చటి రేకు గొట్టం. లోపల మురుగునీటి పైపు దాచుకోవడానికి పనికొస్తుంది తప్ప, గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడే బరువు మోయడానికి కాదు. యాక్సిల్‌కి అంత వెనకగా ఉన్నది ఏదైనా కారు మీద కంటే చాలా ఎక్కువ ఎగురుతుంది. అందుకే చాలా మామూలు హిచ్ ర్యాక్‌ల (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం లాంటి హిచ్‌కి బిగించేవి) మాన్యువల్‌లో ట్రైలర్ వెనక వాడొద్దని రాసి ఉంటుంది. పైగా వెనక బరువు పెరిగితే టంగ్ బరువు, అంటే ట్రైలర్ ముందు కొస కారు మీద మోపే బరువు, తగ్గుతుంది, ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది.

"మరి కారు హిచ్‌కే డ్యూయల్ ఎక్స్‌టెండర్ వేసుకుని, కింద ట్రైలర్, పైన సైకిళ్ళు పెట్టుకుంటే పోదా అన్నా?" అని క్యాంపింగ్‌కి వచ్చే మనవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నేనూ ముందు అదే కొందామనుకున్నా. లెక్క వేస్తే కుదరలేదు. మాది మూడు వరసల ఎస్‌యూవీ, 5000 పౌండ్లు లాగుతుంది, హిచ్ మీద 500 దాకా టంగ్ బరువు మోస్తుంది. మా చిన్న ట్రైలర్ సామానుతో 3000, టంగ్ బరువు 360 దాకా వస్తుంది. ఎక్స్‌టెండర్ పెడితే బాల్ (టంగ్ కూర్చునే హిచ్ గుండు) వెనక్కి జరుగుతుంది, హిచ్ మీద మెలితిప్పే బలం పెరుగుతుంది. కాబట్టి హిచ్ సామర్థ్యాన్ని సగానికి తగ్గించి లెక్కేసుకోమని సాధారణంగా చెబుతారు. 500లో సగం 250. సైకిళ్ళ మాట దేవుడెరుగు, ట్రైలర్‌కే చాలదు. పెద్ద పికప్ ఉన్నవాళ్ళ లెక్క వేరు.

టంగ్ మీద ర్యాక్ అయితే ఆ బరువు ట్రైలర్ ఫ్రేమ్ మోస్తుంది. ర్యాక్, రెండు సైకిళ్ళు కలిపి 100 పౌండ్లనుకుంటే అందులో 80 దాకా బాల్ మీదికి వస్తుంది, మిగతాది యాక్సిల్ మీదికి పోతుంది. ముందున్న 360కి కలిపితే 440. మొత్తం ట్రైలర్ బరువులో 14 శాతం. 10కీ 15కీ మధ్య ఉండాలంటారు కాబట్టి సరిపోయింది. టంగ్ స్కేల్ పెట్టి తూచి చూసుకున్నా.

కొన్న కొత్తలో దీన్ని అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. ఐదు నిమిషాల్లో ఎక్కించేయొచ్చు, ఒకసారి బిగిస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు అని చెప్పేవాణ్ణి. ఆ మాట మీద ఇప్పుడు అంత గట్టిగా నిలబడను. ఎందుకో చెప్తాను.

మాన్యువల్‌లో ఉన్న పరీక్ష ఒక్కటే. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సైకిల్ చక్రం కొస కారు మూలకి తగలకుండా ఖాళీ ఉందో లేదో చూడమంటాడు. రెండు వైపులా చూశాం, చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. రెండు వేసవులు ఎక్కడా ఏమీ కాలేదు. సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ కొండలకి వెళ్తూ నెబ్రాస్కాలో 385 హైవే మీద ఒక చిన్న ఊళ్ళో గ్యాస్ (పెట్రోలు) కోసం ఆగాం. స్టేషన్‌లోంచి రోడ్డెక్కేచోట వాన నీళ్ళు పోయే పల్లం ఉంది, లోతుగానే. నెమ్మదిగా కుడికి తిప్పుతూ ఎక్కించాను. కారు ముక్కు పైకి లేచింది, ట్రైలర్ ఇంకా వాలు దిగుతోంది. "టప్" అని ఒకటే చప్పుడు. అద్దం మొత్తం ఒక్క క్షణం తెల్లగా అయ్యి, చూస్తుండగానే రాలిపోయింది. వెనక వరస సీట్ల నిండా, పిల్లల దిండ్ల మీద, కూలర్ మూత మీద కలకండ పలుకుల్లా ముక్కలు. పాప మధ్య వరసలో కూర్చుంది కాబట్టి దెబ్బ తగల్లేదు.

దిగి చూస్తే మా ఆవిడ సైకిల్ హ్యాండిల్ చివర, రబ్బరు గ్రిప్ నలగను కూడా లేదు, అద్దం ఉండాల్సిన ఖాళీలోకి దూరి ఉంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే విషయం బోధపడింది. మలుపులో కారు, ట్రైలర్ పక్కకి మడత పడతాయి. పల్లంలో పైకి మడత పడతాయి. రెండింటి అడుగుభాగాలు బాల్ దగ్గర కలిసే ఉంటాయి, పైభాగాలు ఒకదానివైపు ఒకటి వాలతాయి. హ్యాండిల్ బాల్ కంటే మూడున్నర అడుగుల ఎత్తున ఉంటే, పది డిగ్రీల మడతకే ఏడంగుళాలు ముందుకొచ్చేస్తుంది. పైగా టంగ్ ర్యాక్ మీద సైకిళ్ళు అడ్డంగా నిలబడతాయి కదా, అంటే హ్యాండిళ్ళు నేరుగా కారువైపే పొడుచుకుని ఉంటాయి. ఈ రోజుల్లో మౌంటెన్ బైక్ హ్యాండిల్ 740 మిల్లీమీటర్లు, సగమే పద్నాలుగున్నర అంగుళాలు. చక్రాల కొసలు చూసుకోమన్న మాన్యువల్‌లో పల్లాల ఊసే లేదు, హ్యాండిల్ ఊసే లేదు. ఈ వస్తువు అమ్మేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ తగ్గని కోపం ఇదే. ఒక్క బొమ్మ వేసి, ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఫోన్ చేస్తే "టర్నింగ్ టెస్ట్ చేశారా?" అని మళ్ళీ అదే అడిగారు.

పాలిథిన్ కవరు, డక్ట్ టేపు వేసుకుని ర్యాపిడ్ సిటీ దాకా వెళ్ళాం. అద్దం తెప్పించాలన్నారు, కాబట్టి ఆ ప్రయాణమంతా పటపటమనే కవరుతోనే గడిచింది.

పరిష్కారం మాత్రం పైసా ఖర్చు లేనిది దొరికింది, అది కూడా క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క సైట్ పెద్దాయన చూపించాడు. స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) పక్కనున్న రెండు బోల్టులు ఐదో నంబరు ఆలెన్ కీతో వదులు చేసి, హ్యాండిల్‌ని తొంభై డిగ్రీలు తిప్పి, ఫ్రేమ్ వెంబడి పెట్టేయడం. అంతే, కారు వైపు అడుగుకి పైగా ఖాళీ వచ్చేసింది. కారువైపున్న సైకిల్‌కి తిప్పితే చాలు, నేను రెండిటికీ తిప్పుతాను. పైన క్యాప్ బోల్టు ముట్టుకోకూడదు, అది బేరింగుల బిగువు కోసం. దిగాక స్టెమ్‌ని ముందు చక్రానికి నేరుగా పెట్టి, బోల్టుల మీద రాసి ఉన్న బిగువుకే, మాదానికి 5 న్యూటన్ మీటర్లు, చిన్న టార్క్ కీతో బిగిస్తాను. పిల్లలు ఎక్కే సైకిలైతే ముందు చక్రం మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడందే ఇవ్వను. ఆ తర్వాత ఎన్ని పల్లాలు దాటినా గీత కూడా పడలేదు. అయితే ఆ ఐదు నిమిషాల మాట ఇప్పుడు ఇరవై నిమిషాలయింది.

ఇంకో ఇబ్బంది ఉంది, అది వాడితే గానీ తెలీదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్ విప్పేశాక ర్యాక్ దానితోనే ఉండిపోతుంది. మికెల్సన్ ట్రెయిల్ కోసమే అంత దూరం వెళ్ళాం. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన కంకరదారి, డెడ్‌వుడ్ నుంచి ఎడ్జ్‌మాంట్ దాకా 109 మైళ్ళు, దారిలో వందకు పైగా పాత రైలు వంతెనలు. రైలు కోసం తవ్విన దారి కాబట్టి చాలాచోట్ల పిల్లలు కూడా తొక్కగలిగే వాలే. కానీ ట్రెయిల్‌హెడ్ (ట్రెయిల్ ఎక్కే చోటు) మా క్యాంప్ దగ్గర లేదు, హిల్ సిటీ దాకా కారులోనే వెళ్ళాలి. ముందు చక్రాలు ఊడదీసి, మూడో వరస మడిచి, సైకిళ్ళని కారులోకి దూర్చాల్సి వచ్చింది. హిచ్ ర్యాక్ ఉన్నవాళ్ళు ఈపాటికి రెండు మైళ్ళు తొక్కేసి ఉంటారు. ట్రెయిల్ గేటు దగ్గరే క్యాంప్ దొరికేవాళ్ళకి ఇది సమస్యే కాదు.

కొనాలా వద్దా అంటే, మీ బండి ఏమిటో, ఎక్కడ దిగుతారో చూడాలి. పికప్ ఉంటే టెయిల్‌గేట్ ప్యాడ్ (వెనక తలుపు మీద వేసే మెత్త) మీద వేసుకోండి, ఇంత ఆలోచన అక్కర్లేదు. ఎలక్ట్రిక్ సైకిళ్ళయితే ఒక్కొక్కటి 60 పౌండ్లు కూడా ఉంటాయి, ర్యాక్ మీద రాసిన పరిమితి, టంగ్ మిగులు రెండూ చూసుకోవాలి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (టంగ్ బరువుని కారు ముందు చక్రాలకీ పంచే బార్లున్న హిచ్) ఉన్నవాళ్ళు ఆ బార్ల బ్రాకెట్లు, ర్యాక్ యూ-బోల్టులు ఒకేచోట పడతాయేమో టేపు పెట్టి కొలుచుకోండి. మాలాగా ఎస్‌యూవీ, చిన్న ట్రైలర్, రెండు మామూలు సైకిళ్ళు అయితే నేను మళ్ళీ ఇదే కొంటాను, హ్యాండిల్ తిప్పాలన్నది ముందే తెలిసి ఉంటే. పిల్లలవి చిన్నవి కాబట్టి ప్రస్తుతానికి ట్రైలర్ లోపల మంచం పక్కన పడుకోబెడుతున్నాం. వచ్చే ఏడు పాపకి 24 అంగుళాల చక్రాల సైకిల్ కొంటే అది అక్కడ పట్టదు, అప్పుడు ఈ ర్యాక్ చాలదు. పికప్‌కి మారడమా, పాప సైకిల్‌కి కారు పైన క్యారియర్ పెట్టడమా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.